పది రూపాయల బిళ్ళ



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన వస్తువు మిక్కిలి చిన్నది. దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు; బరువు 8 గ్రాములకు లోపు. అంచు పసుపువన్నె, నడుమ తెలుపు. మీలో అనేకులు దానిని చూచియే యుందురు. కొందరు పుచ్చుకొనక త్రోసివేసియు నుందురు. అదియే పది రూపాయల బిళ్ళ.

కొంతకాలము క్రిందట నేనొక చిన్న పట్టణమున బస్సులు నిలుచు చోటికి దగ్గరగా నున్న మందుల దుకాణమునకు పోయితిని. నాకు ముందు ఒక వృద్ధురాలు నిలిచియుండెను. ఆమె జ్వరపు మాత్రలును దగ్గుమందును తీసికొని, కొంగుముడి విప్పి, ఎనిమిది పది రూపాయల బిళ్ళలను బల్లమీద వరుసగా పేర్చెను. గల్లాపెట్టె యొద్ద కూర్చున్న యువకుడు వానిని వ్రేలితో వెనుకకు నెట్టి, “అవ్వా, ఇవి చెల్లవు. కాగితాలుంటే ఇవ్వు” అనెను.

“మా పిల్లవాడు బొంబాయిలో కూలి చేసి తెచ్చిన సొమ్ము నాయనా. అక్కడ చెల్లినవి ఇక్కడెందుకు చెల్లవు?” అని ఆమె అడిగెను.

“ఏమో అవ్వా, ఇక్కడ ఎవరూ తీసుకోరు” అని అతడు మందుసీసాను తనవైపునకు జరుపుకొనెను.

నేను ఆ బిళ్ళలు తీసికొని నోట్లు ఇచ్చితిని. ఆమె మందు పుచ్చుకొని పోవుచు నావైపు తిరిగి, “దొంగబిళ్ళలు తెచ్చాననుకోకు బాబూ” అనెను. ఎనుబది రూపాయలు చెల్లకపోయెనన్న చింతకంటె తన్ను మోసగత్తె యనుకొందురేమో యన్న సిగ్గే ఆమె మాటలో ఎక్కువగా వినబడెను. బొంబాయిలో చెల్లినది ఇక్కడ ఏల చెల్లదు? ఆమె అడిగిన ఈ ప్రశ్నకు దుకాణమున ఎవరును సమాధానము చెప్పలేదు. ఆ సమాధానమును మనము కలసి వెదకుదము.

ముందుగా శాసనమేమి చెప్పుచున్నదో చూతము. మన దేశమున నాణెములను ముద్రించు అధికారము కేంద్రప్రభుత్వమునది. వానిని ప్రజలలోనికి పంపునది రిజర్వు బ్యాంకు. 2011లో చేయబడిన నాణెముల చట్టము ప్రకారము, రూపాయియు అంతకు పైబడిన విలువయు గల నాణెములు 1000 రూపాయల మొత్తము వరకు చెల్లింపునకు చెల్లును. అర్ధరూపాయి, అనగా 50 పైసల బిళ్ళ, 10 రూపాయల మొత్తము వరకు చెల్లును. నాణెమును విరుగగొట్టియో, అరగదీసియో, రూపము చెరిపియో యుండరాదు. అంతకు మించిన నియమము లేదు. పదిమంది చేతులలో తిరిగి మెరుపు తగ్గినంతమాత్రమున దాని చెల్లుబడి తగ్గదు. కావున అవ్వ బల్లమీద పేర్చిన ఎనిమిది బిళ్ళలును శాసనమునుబట్టి ఎనుబది రూపాయలే. దానిలో సందేహమునకు తావు లేదు.

అట్లయిన అవి ఏల వెనుకకు నెట్టబడెను? ఇది తెలియవలెనన్న నాణెముపై ముద్ర యెందులకు వేయుదురో ఒకింత తలచుకొనవలయును.

పూర్వము మన ప్రాంతమున వరాహలు, రూకలు, కాసులు చెలామణిలో నుండెడివి. చెన్నపట్టణపు లెక్కలో వరాహకు 42 రూకలు, రూకకు 80 కాసులు. ఒక్కొక్క టంకశాలనుండి ఒక్కొక్క విధమగు నాణెము వచ్చుచుండుటచేత సామాన్యునకు వాని విలువ తెలియకుండెను. సంతలో షరాబు కూర్చుండి నాణెమును రాతిపై మ్రోగించి, ఒరపెట్టి, త్రాసులో తూచి విలువ చెప్పెడివాడు. అతని శ్రమకును, నాణెముపై అతడు చూపిన లోపమునకును కలిపి కొంత వట్టము తీసికొనెడివాడు. పన్ను కట్టవలసిన రైతు, కూలి పుచ్చుకొన్న సాలెవాడు, ఉప్పు కొనవలసిన పేదరాలు, అందరును ఆ వట్టమును భరింపవలసియుండెను. 1818లో చెన్నరాజధానియందు వరాహకు బదులు వెండి రూపాయి ప్రమాణనాణెమయ్యెను. 1835లో కంపెనీవారు తమ రాజ్యమంతటికిని ఒకే తూకపు రూపాయిని శాసించిరి. హైదరాబాదు సంస్థానమున మాత్రము నిజాము హాలీ సిక్కా నడచెను. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దారు రూపాయలు. సరిహద్దు గ్రామములవారు ఆ మారకపు కష్టమును తమ పెద్దల నోట వినియే యుందురు.

నాణెముపై రాజముద్ర వేయుటలోని పరమార్థమిదియే. ముద్ర చూచినవాడు తూచనక్కరలేదు, ఒరపెట్టనక్కరలేదు, ఇచ్చినవాని మొగము చూచి అనుమానింపనక్కరలేదు. షరాబు చేయవలసిన పనిని ప్రభుత్వము ముందుగనే చేసి, దానికి తానే పూటపడుచున్నది. ఇపుడు గల్లాపెట్టె యొద్ద కూర్చున్న ప్రతివాడును బిళ్ళను త్రిప్పి చూచి ఇది చెల్లును, ఇది చెల్లదు అని తీర్పు చెప్పుట మొదలిడినచో మన తాతలు వదలించుకొన్న షరాబు మరల వచ్చినట్లే. ఆ షరాబునకు విద్య యుండెను. ఇతనికి వదంతియే విద్య.

ఇక ఈ బిళ్ళ చరిత్రను గూర్చి చెప్పెదను. రెండు లోహములతో చేసిన పది రూపాయల నాణెములు 2009లో ప్రజల చేతికి వచ్చినవి. కాగితపు నోటు చేతులు మారిన కొలది నలిగి, మాసి, చినిగి కొలదికాలముననే మార్పవలసివచ్చును. లోహపు బిళ్ళ అనేక సంవత్సరములు నిలుచును. చిన్న విలువలకు నాణెమును తెచ్చుటకు ముఖ్యకారణమిదియే. మొదటి బిళ్ళలలో కొన్నింటిపై పది అంకెకు పైన పదునైదు గీతలు కిరణములవలె నుండెను. రూపాయి గుర్తు 2010లో నిర్ణయింపబడినది. 2011నుండి ఆ గుర్తుతో కూడిన బిళ్ళలు వచ్చినవి. వానిపై గీతలు పది. ఇవి గాక మహనీయుల జ్ఞాపకార్థమును, సంస్థల ఉత్సవములకును వేరువేరు బొమ్మలతో బిళ్ళలు వెలువడినవి. హోమీ భాభా శతజయంతికి ఒకటి, పార్లమెంటునకు అరువదియేండ్లు నిండిన సందర్భమున ఒకటి, గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చి నూరేండ్లయినందుకు ఒకటి, అంబేద్కరు మహాశయుని 125వ జయంతికి ఒకటి, ఇట్లు 2018 జనవరి నాటికి పదునాలుగు రూపములయ్యెను.

ఇన్ని రూపములుండుటయే తగవునకు బీజమయ్యెను. పదిగీతల బిళ్ళ మంచిది, పదునైదు గీతలది దొంగది యని ఒకడు చెప్పెను. రూపాయి గుర్తు లేనిది చెల్లదని మరియొకడు చెప్పెను. చేతిఫోనులలో ఆ మాట ఊరూర తిరిగెను. “చెల్లని రూకకు గీతలు మెండు” అని మన పెద్దలు చెప్పిన సామెత యొకటి కలదు. నిజముగనే గీతలు లెక్కించి నాణెమును చెల్లదనుకాలము వచ్చునని వారు తలచియుండరు.

2016వ సంవత్సరము ఈ భయమునకు బలమిచ్చినది. ఆ యేడు నవంబరు 8వ తేదీ రాత్రి 500 రూపాయల నోట్లును 1000 రూపాయల నోట్లును చెల్లవని ప్రకటింపబడెను. ఆ పూట వరకు ధనమైనది తెల్లవారునప్పటికి కాగితమగునని ప్రజలు కన్నులార చూచిరి. బ్యాంకుల ముందు బారులుతీరి నిలిచిరి. అట్టి కాలమున ఏ నాణెమును గూర్చి ఏ మాట పుట్టినను నమ్మబుద్ధియగుట సహజము. పండ్రెండు దినములకే, అనగా అదే నవంబరు 20వ తేదీన, రిజర్వు బ్యాంకువారు పది రూపాయల బిళ్ళలన్నియు చెల్లునని, నిరాఘాటముగా పుచ్చుకొనవచ్చునని ప్రకటించవలసివచ్చెను. 2018 జనవరి 17వ తేదీన పదునాలుగు రూపములను పేర్కొని అన్నియు చెల్లునని మరల చెప్పిరి. 2019లో మరియొకసారి చెప్పిరి. ఇన్నిమార్లు చెప్పినను మన తెలుగు జిల్లాలలో అనేకచోట్ల ఆ బిళ్ళ గల్లాపెట్టెలోనికి పోలేదు. ముంబయి, ఢిల్లీ నగరములలో తేనీటి కొట్టువాడు కూడ మారుమాటాడక దానిని పుచ్చుకొనెడివాడు. అవ్వ కుమారుని కూలి అక్కడ ధనమై ఇక్కడ రేకుబిళ్ళ యగుటకు కారణమిదియే.

ప్రకటనలు ఏల పనిచేయలేదు? ఈ ప్రశ్నకు సమాధానము నాకు ఆ మందుల దుకాణములోనే దొరకినది. అవ్వ వెడలిన పిమ్మట నేనాయువకుని, “ఇవి దొంగబిళ్ళలని నీ నమ్మకమా?” యని అడిగితిని.

“కాదండీ, మంచివే. నాకు తెలుసు. కానీ నేను తీసుకుంటే నా దగ్గర ఎవరు తీసుకుంటారు?” అని అతడు చెప్పెను.

పెద్దలారా! ఈ మాటను కొంచెము ఆలోచింపుడు. అతనికి బిళ్ళపై అనుమానము లేదు. ఎదుటివాడు పుచ్చుకొనడేమో యని అనుమానము. ఆ యెదుటివానికిని బిళ్ళపై అనుమానము లేదు. వానికి మరియొకనిపై అనుమానము. ఇట్లు ఊరిలోని వారందరును బిళ్ళ మంచిదని యెరిగియుండియే దానిని కాదనుచున్నారు. ప్రకటన ఒక్కొక్కనికి బిళ్ళ మంచిదని చెప్పగలదు గాని, రేపు పొరుగువాడు దానిని పుచ్చుకొనునని హామీ యియ్యజాలదు. ఆ హామీ పొరుగువాడే యియ్యవలయును.

కాగితమైనను లోహమైనను ధనమంతయు ఈ నమ్మకముమీదనే నిలిచియున్నది. పది రూపాయల నోటును తినలేము, కట్టుకొనలేము. నలిగి, అంచులు చినిగి, అంకె కనబడనంత మాసిన పదినోటును వర్తకుడు నోరెత్తక పుచ్చుకొనుచున్నాడు. రేపు దానిని ఇంకొకడు పుచ్చుకొనునని అతనికి నమ్మకము. పక్కనే కొత్తగా మెరయుచున్న బిళ్ళను త్రోసివేయుచున్నాడు. రెండింటి విలువయు ఒకటే, రెండింటి వెనుకను ప్రభుత్వపు పూచీయే. భేదమంతయు అలవాటులో నున్నది.

వర్తకుని పక్షమున చెప్పవలసినది కూడ కలదు. దానిని విడిచినచో న్యాయము కాదు. ఇరువది బిళ్ళలు చేరినచో అతడు చిల్లరగా ఇచ్చివేయగలడు. రెండువేల బిళ్ళలు చేరి, కొనువారెవ్వరును చిల్లరగా పుచ్చుకొననిచో, సంచి మోసికొని బ్యాంకునకు పోవలయును. అచ్చట లెక్కించుటకు మనుష్యులు లేరనియో, ఉంచుటకు చోటు లేదనియో చెప్పి త్రిప్పిపంపిన సందర్భములు కలవు. నేనును అవ్వ యొద్ద తీసికొన్న బిళ్ళలను రెండు కొట్లలో ఇయ్యజూచి విఫలుడనై, తుదకు ఒక బ్యాంకు శాఖకు పోయితిని. అచ్చటి ఉద్యోగి మొదట తల అడ్డముగా త్రిప్పెను. వాదించిన పిదప జమ కట్టుకొనెను. బ్యాంకువాడే వెనుకాడుచుండగా కొట్టువానిని మాత్రమే నిందించుట యెట్లు?

కాని బ్యాంకునకు ఆ స్వేచ్ఛ లేదు. నాణెములను జమకై గాని, మారకమునకై గాని తెచ్చినవారిని త్రిప్పిపంపరాదని రిజర్వు బ్యాంకు అన్ని శాఖలకును ఆజ్ఞాపించియున్నది. నూరేసి బిళ్ళలను ఒక్కొక్క సంచిలో కట్టి తెచ్చినచో లెక్కించుట సులభమని కూడ సూచించినది. శాఖవారు కాదన్నచో మేనేజరునకు వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్లు సంతకము తీసికొనుడు. ముప్పది దినములలో సరియైన సమాధానము రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాయవచ్చును. దానికి రుసుము లేదు. నాణెము తిరుగు దారిలో తుదిమెట్టు బ్యాంకు కిటికీ. అది తెరచియుండినచో దారిలోని భయము సగము తగ్గును.

ఇట్టి సందేహములు ఇతర ద్రవ్యములను గూర్చియు కలుగుచుండును గనుక వానిని కూడ క్లుప్తముగా చెప్పెదను. ఇరువది రూపాయల బిళ్ళ 2020లో వాడుకలోనికి వచ్చినది. దానికి పండ్రెండు అంచులు. పది రూపాయల దానివలెనే రెండు లోహములు. అదియు చెల్లును. 50 పైసల బిళ్ళ అరుదైనను శాసనమునుబట్టి చెల్లును. 25 పైసలును అంతకు తక్కువయు మాత్రము 2011 జూను 30వ తేదీనుండి చెల్లవు. పసుపువన్నె 200 రూపాయల నోటు 2017లోను, గోధుమవన్నె 10 రూపాయల నోటును, ఊదావన్నె 100 రూపాయల నోటును 2018లోను వచ్చినవి. వానికి ముందటి గాంధీబొమ్మ పది, నూరు నోట్లు కూడ చెల్లుచునే యున్నవి. 2000 రూపాయల నోటును 2023 మే 19వ తేదీన ఉపసంహరించిరి. ఉపసంహరించుట వేరు, రద్దుచేయుట వేరు. అది చెల్లనిదని నాడు ప్రకటింపలేదు, వెనుకకు తెచ్చియిమ్మని మాత్రమే కోరిరి. పెద్ద నోటును వెలుతురునకు పట్టి పరీక్షించుట వర్తకునకు తగిన జాగ్రత్తయే. జాగ్రత్తపడువాడు చూచి పుచ్చుకొనును. భయపడువాడు చూడకయే త్రోసివేయును. మన తగవు రెండవదానితోనే.

పది రూపాయల బిళ్ళను మీరును చూచి తెలిసికొనవచ్చును. ఒకవైపు నాలుగు సింహముల తలకట్టు, దాని క్రింద సత్యమేవ జయతే, దేశము పేరు ఉండును. గీతల లెక్కతో పనిలేదు. సంవత్సరపు అంకె క్రింద ఏ టంకశాలలో అచ్చయ్యెనో తెలుపు చిన్న గుర్తు కూడ వెదకుడు. వజ్రపు ఆకారమైనచో ముంబయి, చుక్కయైనచో నోయిడా, ఏ గుర్తును లేనిచో కలకత్తా. నక్షత్రమైనచో హైదరాబాదు. నిజాము కాలమున 1903లో సైఫాబాదున నెలకొని, 1997లో చర్లపల్లికి మారిన టంకశాల గుర్తు అది. మనవారి చేతులతో మన నేలమీద అచ్చయిన బిళ్ళను మన సంతలోనే పరదేశపు బిళ్ళవలె చూచుచున్నాము.

క్రొత్త నాణెమునకు మనవారు అలవాటుపడుట ఇది మొదటిసారి కాదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినపుడు పదునారు అణాల రూపాయి నూరు పైసలయ్యెను. పావలాకు 25 సరిపోయెను గాని, అణాకు ఆరుంబావు వచ్చెను. ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని పట్టికలు అచ్చువేసి గోడలకు అంటించిరి. ప్రతి కొట్టులోను తగవులే. పాత నాణెములును క్రొత్తవియు కొన్నేండ్లు కలిసి నడచెను. ఆ పట్టికను చదివి, చదువురానివారికి వివరించినవారు ప్రతి గ్రామమునను ఉండిరి. వారి మాటమీదనే నయాపైస పల్లెలలో స్థిరపడెను.

నేడు ఆ పని మీది. పట్టణమున ఒకనికొకడు తెలియడు గనుక నమ్మకమును కుదుర్చుట కష్టము. గ్రామమున ఒకరి మాటకు మరియొకరు విలువ నిత్తురు. మీ యూరి కిరాణా కొట్టువానిని, పాలకేంద్రమువానిని, మందులవానిని, ఆటోవానిని ఒకనాడు రచ్చబండ యొద్దకు పిలువుడు. నలుగురును ఒకరి యెదుట ఒకరు, “నేను పుచ్చుకొందును, నీవును పుచ్చుకొమ్ము” అని మాట యిచ్చుకొనునట్లు చేయుడు. ఒక్కొక్కనికి విడివిడిగా చెప్పినచో ఫలితముండదు; ఏలయన వారి భయము బిళ్ళను గూర్చినది కాదు, ఒకరినిగూర్చి ఒకరికి గలది. కొట్లముందు “పది రూపాయల బిళ్ళలు తీసికొనబడును” అని ఒక అట్ట కట్టించుడు. మొదటి నెలలో మీరే బిళ్ళలతో కొనుడు, చిల్లరగా బిళ్ళలే అడిగి పుచ్చుకొనుడు. పెద్దమనిషి చేతినుండి వచ్చిన నాణెమును గూర్చి అనుమానించువారు తక్కువ.

ఇంత చిన్నవిషయమునకు ఇంత ప్రయాస యేల యని కొందరు అడుగవచ్చును. చేతిఫోనుతో చెల్లించువారికి బిళ్ళతో పనిలేదన్నది నిజమే. కాని ఆ ఫోను లేనివారు, ఉన్నను వాడనేరనివారు, కొంగుముడిలోను డబ్బాలోను దాచుకొనువారు ఇంకను మన ఊళ్ళలో నున్నారు. కలిగినవాడు బిళ్ళ చెల్లకపోయినచో నోటు తీయును. నోటు చెల్లకపోయినచో ఫోను తీయును. ఆ ముసలమ్మకు రెండవది లేదు. ఆమె చేతిలోని ఎనిమిది బిళ్ళలు చెల్లకున్న మందు లేదు. నాణెమును కాదనుటవలన కలుగు నష్టము ఎల్లపుడును క్రిందివానిమీదనే పడును.

ఈసారి మీ యెదుట ఎవరైన ఒక బిళ్ళను వెనుకకు నెట్టినచో మీరు దానిని తీసికొని మీ జేబులో వేసికొనుడు. పిదప అదే కొట్టులో దానినే ఇచ్చి, పుచ్చుకొనువరకు కదలక నిలువుడు. ఇక సెలవు.